దార్జిలింగ్ మంచులో మా అత్త కేక

బస్టాండ్లలో మైకులో చెప్పేది ఇంతవరకూ ఒక్క ప్రయాణికుడికైనా అర్థమైందా అని నాకు చాలాకాలంగా అనుమానం. మైకు ముందు కూర్చున్నాయన తప్పేం లేదు. ఆయన "బందరు వెళ్లు బస్సు" అనే అంటాడు. అది స్పీకర్లోంచి బయటికొచ్చేసరికి ఎవరో బకెట్లో తలపెట్టి పుక్కిలించినట్టు ఉంటుంది. జనం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని, ఎవరు ముందు పరిగెడితే వాళ్ల వెనకాల పరిగెడతారు. ఈ పద్ధతిలో నేను అనుకోకుండా కైకలూరు చూశాను. మంచి ఊరే, కానీ ఆ రోజు నాకు అక్కడ పని లేదు.

మనిషి గొంతు సరైన చోట నిలబడితే ఏ మైకూ అక్కర్లేదని నాకు తెలుసు. అది కళ్లారా చూశాను కాబట్టే ఇది రాస్తున్నాను. నిజానికి కళ్లకి ఏమీ కనపడలేదు. చెవులారా విన్నాను.

దయ్యాలు, ఆత్మలు, గాలి సోకడాలు, వీటి మీద నాకు నమ్మకం లేదు. గుడివాడలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ధ్వని పాఠం చెప్పని ఏడాది లేదు. అద్దె తక్కువని శ్మశానం పక్కింట్లో కొన్నాళ్లు కాపురం కూడా ఉన్నాను. అక్కడ నన్ను భయపెట్టింది ఇంటి ఓనరు ఒక్కడే.

ఇది తొంభైల చివర్లో జరిగింది. సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాలేదు.

మాది బందరు దగ్గర గిలకలదిండి. తరతరాలుగా సముద్రం మీద బతికిన ఇల్లు. నన్ను కూడా చిన్నప్పుడు ఒకసారి వేటకి తీసుకెళ్లారు. ఒడ్డు దాటకముందే మొదలైన వాంతులు తిరిగి ఒడ్డుకి వచ్చేదాకా ఆగలేదు. మా నాన్న ఆ సాయంత్రమే నన్ను చదివించాలని నిర్ణయించాడు. చదువు మీద గౌరవంతో అనుకునేరు.

మా మేనత్త నాంచారమ్మది వేరే లెక్క. మావయ్య పోయాక రెండు ఇంజను బోట్లు, చేపల వ్యాపారం ఒంటిచేత్తో నడిపింది. హార్బర్లో వేలం పాట మొదలైతే ఆవిడ గొంతు బందరు కోట దాకా వినిపిస్తుందని చెప్పుకునేవాళ్లు. అది అతిశయోక్తి. గాలి వాలు బాగుంటేనే వినిపించేది.

ఆవిడ చేపలు ఐసు పెట్టెల్లో రైలెక్కి హౌరా వెళ్లేవి. "ఇన్నేళ్లూ నా సరుకు ఎల్తంది. నేను ఎల్లలేదు. ఆ ఊరేంటో సూడాలి" అంది ఒకరోజు. అప్పుడే గుడివాడలో ఒక ట్రావెల్స్ వాళ్లు పూరీ, కలకత్తా, దార్జిలింగ్, గాంగ్‌టక్ యాత్రకి జనాన్ని పోగుచేస్తున్నారు. వంటవాళ్లు కూడా వస్తారు, కందిపొడికి లోటుండదు అని చెప్పారు. అత్త ఒక సీటు తనకి, ఒకటి నాకు తీసుకుంది. నాకు ఇంగ్లీషు వచ్చు, టీవీ చూసి నేర్చిన హిందీ వచ్చు. ఆవిడకి తెలుగు వచ్చు. ఈ మూడు భాషల్లో చివరికి పనికొచ్చింది ఆవిడదే.

పూరీలో అందరూ సముద్రం చూసి చెప్పులు చేత్తో పట్టుకుని పరుగులు తీశారు. అత్త గట్టు మీదే నిలబడి, "మనింటి ముందుదే కదా. దీనికి టిక్కెట్టు పెట్టి తీసుకొచ్చారేంటి?" అంది.

కలకత్తాలో మిగతావాళ్లు పాలరాతి మేడలు చూస్తుంటే మేమిద్దరం హౌరాలో చేపల మార్కెట్టుకి వెళ్లాం. అత్త ఒక కొట్టు ముందు ఆగి, చేప మొప్ప ఎత్తి చూసి, మన వైపుదే అని తేల్చింది. కొట్టాయనకి తెలుగు రాదు. ఆవిడకి బెంగాలీ రాదు. ఇద్దరూ చాలాసేపు పోట్లాడుకుని, నవ్వుకుని, టీ తాగారు. ఐసు కొట్టడం చేతకాక చేపని చంపేస్తున్నారని తిరిగొచ్చే దారంతా ఆవిడ బాధ. అది ఎప్పుడో చచ్చింది కదత్తా అంటే, నీకు చదువు చెప్పించడం దండగ అంది.

మాతో వచ్చినవాళ్లలో గుడివాడ మందుల షాపు వెంకటరత్నం గారు, ఆయన భార్య కామేశ్వరి గారు ఉన్నారు. మంచివాళ్లు. కామేశ్వరి గారికి మా అత్త గొంతుతోనే పేచీ. రెండో రోజే ఆవిడ చెవుల్లో దూది పెట్టుకుని వెనక సీట్లోకి మారారు. అత్త వెనక సీటు వాళ్లని కూడా పలకరించడం మొదలుపెట్టాక ఆ దూది వల్ల పెద్దగా ప్రయోజనం లేకపోయింది. టూర్ మేనేజర్ శ్రీహరి కూడా ఒకసారి, "అమ్మా, కొంచెం మెల్లిగా..." అన్నాడు. "మెల్లిగానే కదా మాట్లాడతన్నాను" అంది అత్త. అది నిజం. ఆవిడ గట్టిగా మాట్లాడటం వాళ్లింకా వినలేదు.

ఇక్కడ మా వీధి పద్ధతి ఒకటి చెప్పాలి.

ఇంజన్లూ వైర్‌లెస్‌లూ రాని రోజుల్లో, చలికాలం పొద్దుటపూట మంచు కమ్మితే, పడవలు సముద్రంలోంచి లోపలికి తిరిగే మొగ దగ్గర ఆడవాళ్లు నిలబడి కేక వేసేవాళ్లు. ఒక్కో ఇంటికి ఒక్కో కేక. మా ఇంటి కేక చివర్లో కిందికి దిగి, ఆగి, మళ్లీ లేస్తుంది. పిలిచే మాట మాత్రం ఒకటే: "ఎందరూ?" పడవ చుక్కాని పట్టినవాడు అదే రాగంలో లెక్క చెప్పాలి. ముగ్గురం అనో, ఐదుగురం అనో. చెప్పినంతమందీ దిగేదాకా పిలిచిన మనిషి నిలుచున్న చోటు నుంచి అడుగు తీయకూడదు. ఆ పూటకి ఆ మనిషే ఒడ్డు. ఒడ్డు కదిలితే పడవ ఎక్కడికి పోవాలి?

మా నాయనమ్మ దగ్గర అత్త ఆ పని నేర్చుకుంది. మా ఇంటి కేకకి పలికినవాడెవడూ ఒడ్డు చేరకుండా పోలేదు. ఇది మా ఇంటి గొప్ప. పెళ్లిళ్లలో వియ్యాలవారికి ఆస్తుల కంటే ముందు ఇదే చెబుతాం. ఆ ఒక్క విషయంలో నేను కూడా జోకులు వేయను.

ఆ కేక నాకు రాదు. చాలాసార్లు ప్రయత్నించాను. నేను వేస్తే దూడ తప్పిపోయిన గేదెలా ఉంటుందని ఇంట్లో ఏకాభిప్రాయం.

దార్జిలింగ్‌లో రెండు రోజులు ఉండి, గాంగ్‌టక్ వెళ్లే దారిలో, మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఒక తేయాకు తోట పైన బస్సు ఆపారు. అక్కడి నుంచి కాలిబాటలో కొంచెం కిందికి దిగితే కంచన్‌జంగా కనిపిస్తుందన్నాడు శ్రీహరి. అప్పటికే ఆ కొండని చూపిస్తామని నాలుగు చోట్ల ఆపారు, నాలుగు చోట్లా తెల్లటి ఆకాశం చూపించారు. అందుకని చాలామంది బస్సు దగ్గరే ఉండిపోయారు. అత్త కూడా దిగి, రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర కూర్చుంది. కెమెరా ఉందన్న బాధ్యతతో వెంకటరత్నం గారు బయల్దేరారు. ఆయన ఉన్నారని కామేశ్వరి గారు, వాళ్లున్నారని నేను.

మన వైపు మంచు అంటే వరిచేల మీద మోకాలెత్తున పడుకుని, ఎండ రాగానే మర్యాదగా లేచి వెళ్లిపోయేది. అక్కడ మంచు కింద లోయలోంచి లేచి వచ్చింది. మేం చూస్తుండగానే తోట పోయింది, బాట పోయింది, తర్వాత వెంకటరత్నం గారు పోయారు. ఆయన నాకు మూరెడు దూరంలో ఉన్నారని ఆయన దగ్గు వల్ల తెలుస్తోంది.

"మాస్టారూ, ఎటు వచ్చాం మనం?" అన్నారాయన.

నాకు తెలియదని చెప్పడానికి చదువు అడ్డొచ్చి, "పైకే" అన్నాను.

పైనుంచి శ్రీహరి విజిల్ ఊదడం వినిపించింది. హమ్మయ్య అనుకుని అటు నడిచాం. కాసేపటికి అదే విజిల్ ఎడమ వైపు నుంచి వచ్చింది. అటు తిరిగాం. ఈసారి వెనక నుంచి. పాపం అతను మమ్మల్ని వెతుకుతూ రోడ్డు మీద ఆ చివరి నుంచి ఈ చివరికి పరిగెడుతూ ఊదుతున్నాడని మాకు తెలియదు. మా తలలో మాత్రం కొండ చుట్టూ తిరుగుతోంది.

వెంకటరత్నం గారు ముందుకి అడుగు వేసి, "అమ్మో" అని వెనక్కి పడ్డారు. ఆయన పాదం కింద నేల లేదు. చేతిలోని గొడుగు జారిపోయింది. అది కింద పడిన చప్పుడు కోసం ముగ్గురం ఊపిరి బిగబట్టి విన్నాం. చప్పుడు రాలేదు.

కామేశ్వరి గారు నా స్వెట్టరు, ఆయన చొక్కా రెండు చేతుల్తో పట్టుకున్నారు. ఆవిడ ఎప్పుడు తీసేశారో గానీ, చెవుల్లో దూది అప్పటికి లేదు.

అప్పుడు వినిపించింది మా అత్త కేక.

నేను దాన్ని వర్ణించలేను. మా ఇంటి కేక. సముద్రం మీద గాలిని చీల్చుకు వెళ్లడానికి పుట్టింది, హిమాలయాల మీద ఉందని ఏమీ మొహమాటపడలేదు. "ఎందరూ..." అని కిందికి దిగి, ఆగి, లేచింది. విజిల్ ఆగిపోయింది. రోడ్డు మీద ఏం జరిగిందో తర్వాత శ్రీహరి చెప్పాడు. అత్త అతని చేతిలోంచి విజిల్ లాక్కుని, "ఒడ్డు పరిగెడతదంట్రా ఎక్కడన్నా? కదలకుండా కూకో" అని టీ కొట్టు బల్ల మీద కూర్చోబెట్టిందట.

మళ్లీ కేక. అదే చోటు నుంచి.

నేను నోరు తెరిచాను. చలికో భయానికో గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఈలోగా నా ఎడమ పక్క, కొంచెం కిందుగా, మగ గొంతు జవాబిచ్చింది.

"నలుగురం..." అని. కిందికి దిగి, ఆగి, లేచి.

వెంకటరత్నం గారే అనుకున్నాను. మందుల షాపు మనిషికి మా ఇంటి రాగం అంత శుభ్రంగా ఎలా పట్టుబడిందా అని ఆశ్చర్యం కూడా వేసింది. కంగారులో ముగ్గురిని నలుగురు అన్నారు పాపం అనుకున్నాను. లోయ పక్కన నిలబడి ఉన్నప్పుడు మనిషి ఇంతకంటే లోతుగా ఆలోచించడు.

"నలుగురు!" అని పైనుంచి అత్త లెక్క అందుకుంది. "ఇదే ఒడ్డు, రండీ..."

మేం ఆ గొంతు వైపు నడిచాం. పిలుపు ఆగలేదు, చోటు మారలేదు. కళ్లు మూసుకున్నా ఒకటే, తెరిచినా ఒకటే కాబట్టి నేను మూసుకునే నడిచాను. ఒక్కసారి కూడా కాలు తప్పలేదు. రోడ్డు తగిలింది, టీ కొట్టు పొయ్యి వెలుగు తగిలింది, ఆ తర్వాత అత్త చీర కొంగు చేతికి తగిలింది.

కామేశ్వరి గారు ఏడుస్తూ అత్తని పట్టుకున్నారు. అత్త ఆవిడ వీపు నిమురుతూనే మా వెనక్కి చూస్తోంది.

"నాలుగో మనిషేడి?"

ముగ్గురమేనని చెప్పాను. శ్రీహరి బస్సులో తలలు లెక్కపెట్టి, అందరూ ఉన్నారమ్మా, ఎక్కండి, మంచు ఇంకా పెరిగేలా ఉంది అన్నాడు. డ్రైవరు హారన్ కొట్టాడు.

అత్త కదల్లేదు. "నలుగురన్నారు. ముగ్గురొచ్చారు" అంది. కంగారులో తప్పు చెప్పి ఉంటారత్తా అన్నాను. "మనింటి కేకకి తప్పు లెక్క ఎవడూ చెప్పడు" అని, మళ్లీ లోయ వైపు తిరిగి పిలిచింది. ఈసారి జవాబు రాలేదు. అయినా పిలిచింది. బస్సులోవాళ్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తున్నారు. ఒక పెద్దాయన ముసలావిడ పట్టుదల గురించి ఏదో అన్నాడు. నేను ఆయన వైపు తిరిగి, ఆవిడ కదలమనేదాకా బస్సు కదలదని చెప్పాను. నా జీవితంలో అంత కచ్చితంగా ఇంకేదీ చెప్పలేదు, పాఠాలతో సహా.

చివరికి డ్రైవరు, శ్రీహరి, టీ కొట్టాయన కలిసి, బస్సు మీద సామాను కట్టే తాడు నడుములకి చుట్టుకుని కిందికి దిగారు. అత్త పిలుస్తూనే ఉంది, వాళ్లు తిరిగి రావడానికి ఒడ్డు ఉండాలి కదా.

వాళ్లు ఒక మనిషిని మోసుకొచ్చారు.

కలకత్తా నుంచి వచ్చిన బెంగాలీ పెద్దాయన. తలకి మంకీ క్యాపు, మెడకి మఫ్లరు, కాలు బెణికి ఉబ్బిపోయింది. వాళ్లవాళ్లు ముందు మలుపు దగ్గర జీపు ఆపుకుని, ఆయన అటు వెళ్లాడనుకుని అటువైపు వెతుకుతున్నారట. ఆయనకి జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. పిలవాలన్నా గుసగుస తప్ప రాదు. మేం నిలబడ్డ చోటుకి కొంచెం కిందుగా, ఎడమ పక్క, తేయాకు మొక్కల్లో చిక్కుకుని ఉన్నాడు. ఆ మొక్కలు దాటితే ఏమీ లేదని డ్రైవరు చెప్పాడు.

టీ కొట్టులో వేడినీళ్లు తాగాక ఆయన నాతో ఇంగ్లీషులో గుసగుసగా మాట్లాడాడు. మా మాటలు వినిపించాయట, పలకలేకపోయాడట. "మీ స్నేహితుడు నా భుజం పక్కనే నిలబడి కేకేశాడు. ఇక భయం లేదనుకున్నాను. తర్వాత మీరంతా నన్ను వదిలి వెళ్లిపోయారనుకున్నాను" అన్నాడు.

ఆయన కొడుకూ కోడలూ పరుగున వచ్చి, విషయం తెలుసుకుని, రోడ్డు మీదే మా అత్త కాళ్లకి దణ్ణం పెట్టారు. అత్త మొదటిసారి కంగారుపడింది. "ఈయన చేపలు తింటాడేమో అడగరా" అంది నాతో. అడిగాను. బెంగాలీలని అడగాల్సిన ప్రశ్న కాదది. తల ఊపాడు. "ఎల్లేది హౌరాకే కదా సరుకు. కొనేవోడు బాగుండాలి" అంది. నేను అది అనువాదం చేయలేదు. చేస్తే అందులో ఉన్నంత గొప్పతనం ఇంగ్లీషులో పట్టదు.

బస్సు కదిలింది. కామేశ్వరి గారు ముందు సీట్లోకి వచ్చి అత్త పక్కన కూర్చున్నారు. తన శాలువా తీసి అత్తకి కప్పారు.

"ఆ కేక భలే అందుకున్నారు మాస్టారూ! మీ ఇంటి రక్తం కదా మరి" అన్నారు వెంకటరత్నం గారు.

"అదేంటండీ, మీరు కదా పలికింది?" అన్నాను.

"నేనా? నాకు నోట తడి లేదప్పుడు."

ఇద్దరం కామేశ్వరి గారి వైపు చూశాం. ఆవిడ ఉత్త భయంతో తల అడ్డంగా ఊపారు. అది మగ గొంతు అని ఆవిడే అన్నారు. మీ ఇద్దరిలో ఎవరో అనుకున్నాను అన్నారు.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. ప్రతిధ్వని అని నాకు నేను చాలాసార్లు పాఠం చెప్పుకున్నాను. ప్రతిధ్వని మనం అన్న మాట తిరిగి అంటుంది. "ఎందరు" అని అడిగితే "ఎందరు" అంటుంది. లెక్క చెప్పదు, అందులోనూ మాకే తెలియని లెక్క. ఆ తోటలో ఇంకో తెలుగు గుంపు ఉందేమోనని, శ్రీహరి మళ్లీ యాత్రకి వెళ్లినప్పుడు టీ కొట్టాయన్ని అడిగించాను. ఆ పూట ఆగినవి మా బస్సు, ఆ బెంగాలీవాళ్ల జీపు మాత్రమే. ఉన్నా, మా ఇంటి రాగం వాళ్లకెలా వస్తుంది?

మీరు మా మావయ్యని అనుమానిస్తారని తెలుసు. అందరూ అదే అంటారు. మావయ్య షుగరు వ్యాధితో సొంత మంచం మీద, చుట్టూ బంధువులుండగా పోయాడు. ఆయనకి వరసగా రెండు మాటలు రాగంలో అనడం రాదు. చలంటే అసలే పడదు, దార్జిలింగ్ రమ్మన్నా వచ్చే మనిషి కాదు. తాతలూ అంతే. మా ఇంట్లో సముద్రం తీసుకున్నవాడు ఒక్కడూ లేడు. ఇలాంటి కథకి పనికొచ్చే చావు మా దగ్గర లేదు. అందుకే నాకు ఇప్పటికీ ఏం చెప్పాలో తెలియదు. అత్త ఒక్కతే ఆ రోజు అక్కడ కదలకుండా నిలబడిందని, అందుకే ఒక మనిషి ఇంటికెళ్లాడని మాత్రం చెప్పగలను. అది చాలా మందికి చెప్పాను.

ఆ రోజు బస్సులో ఇన్ని ఆలోచనలు లేవు. మలుపు మీద మలుపు తిరుగుతూ చాలా దూరం దిగిపోయాం. మంచు పైనే ఉండిపోయింది. అత్త అంతసేపు మాట్లాడకపోవడం బస్సులో అందరూ గమనించారు.

తర్వాత నా వైపు తిరిగి అడిగింది. "నువ్వు పలకలేదు. ఈయన పలకలేదు. ఆ బెంగాలాయనకి గొంతే లేదు. అంతేనా?"

అంతే అన్నాను.

"అయితే పలికినోడు తనని లెక్కేసుకోలేదన్నమాట. ఆడింకా అక్కడే ఉన్నాడు. ఆడ్ని వదిలేసి నన్ను బండెందుకు ఎక్కించావురా?"